తల్లిచెట్టు చూసి చేరిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో మా ఉద్దానంలో కొబ్బరి, పనస, జీడిమామిడి అన్నీ కాసేవి గానీ ఇంగ్లీషు మాత్రం కాసేది కాదు. కావాలంటే టెక్కలి దాకా నడిచి వెళ్లి కొంచెం తెచ్చుకోవాలి. అదీ ఇంటికి చేరేసరికి దారి ఎండకి సగం ఆవిరైపోయేది. నేను అలా రెండేళ్లు నడిచాను. ఫలితంగా ఇంగ్లీషు కనబడితే చదవగలిగేవాణ్ణి, చదివినదాంట్లో పావువంతు గ్రహించగలిగేవాణ్ణి. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం, సగం చెట్టెక్కాక కాళ్లబందం తెగిన వాడిలా ఉండేది నా పరిస్థితి. (ఈ సంగతి మా నాన్నకి తెలియదు. ఆయన దృష్టిలో నేను ఇంగ్లీషు వచ్చినవాణ్ణి. తండ్రి దృష్టిని పాడుచేయడం కొడుకు ధర్మం కాదని నేనూ ఊరుకున్నాను.)

ఆ దృష్టి పలాస స్టేషన్లో పాడైంది. ఓ వేసవిలో మూలపేట వైపున్న మా తోటలోంచి కొబ్బరికాయలు బస్తాలకెత్తి, రెండు బళ్ల మీద పలాస చేర్చాం. అక్కడి సరుకుల గుమస్తా మా బస్తాల కుట్లు చూసి ఏదో అన్నాడు. నాన్న తెలుగులో ఏదో అన్నారు. దానికతను ఇంగ్లీషులోకి మారిపోయి, చెయ్యి ఊపుతూ చాలాసేపు కోప్పడ్డాడు. ప్లాట్‌ఫారం మీది జనమంతా చుట్టూ మూగి, ఒక్క ముక్కా తెలియకపోయినా, భలేగా అంటున్నాడని మెచ్చుకుంటూ విన్నారు. నాన్న నా వైపు తిరిగి, "నువ్వూ సెప్పరా బాబూ, ఆడికి దీటుగా" అన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. ఇంకోసారి సవరించుకున్నాను. సవరింపులు పూర్తయ్యేలోగా రైలు వెళ్లిపోయింది. బస్తాలూ మేమూ మిగిలాం.

తిరుగుదారిలో నాన్న నన్ను తిట్టలేదు. ఎడ్లతో మాట్లాడుతున్నట్టు అన్నారు: "ఆడికి కోపం ఇంగిలీసులో వత్తాది, మనకి తెలుగులో వత్తాది. ఇంక మనం గెలిసేదెప్పుడు?"

సరిగ్గా ఆ నెలలోనే మావయ్య రంగం నుంచి వచ్చాడు. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. అక్కడికి వెళ్లినవాడు నిజంగానే రంగంలోకి దిగినట్టు మీసం తిప్పుతూ తిరిగొచ్చేవాడు. మావయ్య అక్కడో బియ్యం మిల్లులో కూలీల మీద మేస్త్రీ. మిల్లు తూకాల గదిలో ఒక కుర్చీ ఖాళీ అవబోతోందనీ, ఇంగ్లీషు తెలిసిన మనిషి తన దగ్గరున్నాడని దొరకి ముందే చెప్పేశాననీ, వర్షాలు వెనకబట్టాక దొరే స్వయంగా పరీక్షిస్తాడనీ చల్లగా చెప్పాడు.

"ఎవరు మావా ఆ మనిసి?" అన్నాను.

"నువ్వే కదేటి!" అన్నాడు మావయ్య. "నీకు రాదని తేలితే నన్ను అబద్దాలకోరంటాడు దొర. ఇరవై ఏళ్లు సంపాదించిన పేరు సముద్రంలో కలిసిపోతాది. అందుకే అక్కడ మంచి ఇంగిలీసు బళ్లో నిన్ను పడేత్తాను."

నాన్న చుట్ట ఆర్పి షరతు పెట్టారు: "మూడు నెల్లు సూడు. కుర్సీ దొరికిందా, కూకో. నేదా, పడవెక్కి తిరిగొచ్చి గునపం అట్టుకో. రెండో తడవ నేదు."

బారువ రేవులో పడవ మీద స్టీమరు దాకా వెళ్లి, రంగం చేరేవరకూ కడుపులో ఉన్నదంతా బంగాళాఖాతానికి సమర్పించుకున్నాను. (టెక్కలిలో నేర్చిన ఇంగ్లీషు కూడా అందులోనే పోయిందని నా అనుమానం.)

ఇంగ్లీషు బడిని ఎంచుకునే పద్ధతి మావయ్యకి తెలియదు. తెలిసింది ఒకటే పద్ధతి. మా ఉద్దానంలో కొబ్బరి విత్తనం కొనేవాడు కాయని చూడడు, మొక్కని చూడడు, అమ్మేవాడి మాటలసలే వినడు. "తల్లిచెట్టు చూపించు" అంటాడు. తల్లిచెట్టు కింద నిలబడి, గెలలు లెక్కపెట్టి, ఆకులు తిన్నగా ఉన్నాయా, కాపు విరగ్గా ఉందా అని చూసి, అప్పుడు విత్తనం తీసుకుంటాడు. తల్లి సరైనదైతే పిల్ల దారి తప్పదని మా వాళ్ల నమ్మకం. ఈ పద్ధతి కొబ్బరికి ఎంత గొప్పదో నాకు తెలుసు. దాన్ని చదువుకి వర్తింపజేస్తారని మాత్రం రంగం చేరేదాకా తెలియలేదు.

మొదట చూసిన బడికి పెద్దవీధిలో మేడ, మేడకి బంగారు అక్షరాల బోర్డు. ఆరు వారాల్లో దొరలాగానూ, పన్నెండు వారాల్లో దొర కంటే బాగానూ మాట్లాడిస్తామని అచ్చువేసిన కాగితం చేతికిచ్చారు. చేరినవాళ్లకి కోటు తొడిగి ఫొటో తీస్తారట. ఆ కోటు మేకుకి తగిలించి ఉంది. నా మనసు అప్పుడే దాంట్లో రెండు చేతులూ దూర్చేసింది. ప్రధానోపాధ్యాయుడు మద్రాసు వైపు తెలుగువాడు, చేతిలో బెత్తంలాంటి చేతికర్ర. ఆయన ఉపన్యాసం అంతా విని మావయ్య వినయంగా అడిగాడు: "అంతా బాగున్నాది బాబూ. ఒక్కసారి మీ అమ్మగారిని సూపిత్తారేటి?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "మా మాతృమూర్తి స్వర్గస్థులై చాలాకాలమైందండీ."

"అయ్యో," అని మావయ్య రెండు క్షణాలు తలవంచుకుని, "పోనీ, బతికున్నప్పుడు ఇంగిలీసు బాగా మాటాడేవోరా?" అన్నాడు. నేను వెనకనుంచి చొక్కా లాగాను. ఆయన చేతికర్రతో తలుపు చూపించారు. మెట్లు దిగుతూ మేకు మీది కోటుని చివరిసారి చూసుకున్నాను.

"మావా, ఆ బోర్డు సూసావా, ఎంత బంగారమో!" అన్నాను ఉక్రోషంగా.

"మొక్కకి పసుపు కుంకం పెట్టి అమ్మేవోడిని నమ్మకూడదురా అల్లుడా."

రెండో బడి ఒక గిడ్డంగి మీది అటక. అక్కడి బెంగాలీ మాస్టారికి నిఘంటువంతా కంఠస్థం. ఆయన పద్ధతిలో నెలకి ఒక అక్షరం: మొదటి నెల ఎ, రెండో నెల బి. మూడు నెలల్లో సి దాకా వస్తాను. దొర దయతలచి పరీక్షలో సి దాటకుండా మాట్లాడితే నేను గట్టెక్కుతాను. ఇక్కడ దుబాసీ పని నాకే పడింది. "మీ తల్లిని చూపించండి" అన్న మాటని రంగూన్ నగరంలో నేను ఇంగ్లీషులోకి మార్చిన మొదటి వాక్యంగా చరిత్రలో రాసుకోవచ్చు. ఆయన కోప్పడలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తల్లి ఊళ్లో ఉందట, పాపం ఒక్క అక్షరం రాదట, తనే కష్టపడి నేర్చుకున్నారట. నాకు గుండె కరిగింది. మావయ్యకి కరగలేదు.

"తల్లికి రాకుండా ఈయనకెలా వొచ్చింది? అంటుకట్టారేటి? కొబ్బరికి అంటు కట్టగా ఎక్కడైనా సూసావేట్రా?"

"మావా, సదువు కొబ్బరి కాదు" అన్నాను.

"అయితే పనసా?" అన్నాడు.

వాదం అక్కడితో ముగిసింది. మూడు నెలల్లో వారం రోజులు అప్పుడే గడిచిపోయాయి. మిల్లులో కూలీలంతా నన్ను చూసి, దొర కుర్చీలో కూర్చోబోయే బాబు అని పక్కకి తప్పుకుంటున్నారు. నాకు రాత్రుళ్లు కుర్చీ బదులు గునపమే కల్లోకి వస్తోంది.

మూడోది బడి కూడా కాదు. ఓ సందులో చిన్న పెంకుటిల్లు. ఆంగ్లో ఇండియన్ మాస్టారొకాయన ఇంటి వసారాలో నలుగురైదుగురికి పాఠాలు చెబుతాడని విన్నాం. వాన వెలిసింది. మావయ్య పిక్కల దాకా బురదతో తిన్నగా గేటు తోసుకుని, అప్పుడే కడిగిన వసారా మీద కాలు పెట్టాడు. లోపలినుంచి తెల్లజుట్టు ముసలి దొరసాని ఒకావిడ చీపురుతో వచ్చింది. మాస్టారి తల్లి.

ఆవిడ మొదలుపెట్టింది. నాకు నాలుగు మాటల్లో ఒకటి అందింది: నేల, పొద్దున్న, కాళ్లు, పశువులపాక. మిగతావన్నీ వడగళ్లలా పడి పోతున్నాయి. మావయ్య పారిపోలేదు. చేతులు కట్టుకుని, కళ్లు అరమోడ్చి, హరికథ విన్నట్టు విన్నాడు. ఆవిడ అలసి ఆగితే, ఇంకో కాలు కూడా వసారా మీద పెట్టాడు. మళ్లీ అందుకుంది. చివరికి మావయ్య ఆవిడకి వంగి దణ్ణంపెట్టి, నా వైపు తిరిగి తడికళ్లతో అన్నాడు: "గుక్క తిప్పుకోకుండా కాసింది సూసావట్రా! గెల మీద గెల! ఈ సెట్టు కిందే నిన్ను పాతుతాను."

అలా నన్ను పాతారు. తర్వాత బయటపడిన సంగతేమిటంటే, ఆ ఇంట్లో మాటలన్నీ తల్లే మాట్లాడేయడం వల్ల కొడుక్కి ఏమీ మిగల్లేదు. మాస్టారు పరమ మౌని. పలక మీద ఒక వాక్యం రాసి ఇచ్చి, కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చునేవారు. నేను తిరిగి రాసి చూపిస్తే తల ఊపేవారు. అది బాగుందనో, కాకి ఎగిరిపోయిందనో తేల్చుకోలేకపోయేవాణ్ణి. ఉద్దానంలో ఇలాంటి మోసం జరిగితే మొక్క పీకి తిరిగిచ్చేస్తారు. నాకు ఆ వెసులుబాటు లేదు. మావయ్యకి చెబితే, "తల్లి ఉన్నాదిగా, ఆవిడ నీడన నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. నీళ్లు తోడాను, వసారా కడిగాను, బజారుకెళ్లాను. ప్రతి పనికీ ముందో తిట్టు, మధ్యలో తిట్టు, చివర్లో తిట్టు. తిట్టు అర్థం కాకపోతే పని తప్పేది. పని తప్పితే కొత్త తిట్టు వచ్చేది. ఇంతకంటే పకడ్బందీ పాఠ్యప్రణాళిక నేను తర్వాత ఏ కాలేజీలోనూ చూడలేదు. మధ్యలో నాకు జ్వరం తగిలితే ఆవిడే జావ కాచి పట్టుకొచ్చింది. జ్వరం తెచ్చుకున్నందుకు తిట్టి, జావ తాగనందుకు తిట్టి, తాగాక మూతి తుడుచుకోనందుకు తిట్టి, గిన్నె తీసుకుని వెళ్తూ నుదుటిమీద చెయ్యివేసి చూసింది. ఆ ఒక్కసారే ఏమీ అనలేదు.

మూడో నెల చివర పరీక్ష. మా వైపు దేవుడు రావివలస మల్లన్నకి మొక్కుకుని, ఉతికిన పంచె కట్టి, తూకాల గదిలో నిలబడ్డాను. గది నేల అప్పుడే తుడిచి ఉంది. గుమ్మం బయట మావయ్య, మావయ్య వెనక పాతికమంది కూలీలు. దొర ధాన్యపు పడవల దగ్గర్నుంచి తిన్నగా వచ్చాడు. పేరడిగాడు, చెప్పాను. ఊరడిగాడు, చెప్పాను. తర్వాత ఏదో పొడుగాటి ప్రశ్న వేస్తూ అటూ ఇటూ నడవసాగాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. పలాస స్టేషన్లోలాగే గొంతు సవరించుకున్నాను. తల వంచుకున్నాను. వంచుకున్న తలకి కనబడిందేమిటి? దొర బూట్లు. బూట్ల వెనక తెల్లటి నేల మీద బురద అడుగుల వరస.

తర్వాత జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కాను. మూడు నెలల అలవాటు నోరు తెరిచింది. గుక్క తిప్పుకోకుండా, అచ్చం ముసలి దొరసాని గొంతుతో, ఆవిడ ఇంగ్లీషులోనే అనేశాను: "ఈ నేల ఇందాకే కడిగింది! కళ్లున్నాయా లేవా? పశువులపాకలో పుట్టావా? నడు బయటికి, కాళ్లు తుడుచుకునే వరకూ గుమ్మం తొక్కావంటే చూడు!"

దొర ముఖం మొదట దానిమ్మపండైంది. తర్వాత ఏమైందో గానీ, ఆ గడ్డం వెనక ఎనిమిదేళ్ల కుర్రాడెవడో ఒక్క క్షణం కనబడి మాయమయ్యాడు. ఆయన కిందకి చూసుకుని, బయటికి వెళ్లి, గోనెపట్టా మీద బూట్లు రాసి రాసి తుడుచుకుని, లోపలికొచ్చి కూర్చున్నాడు. కలం తీసి సిరాలో ముంచాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. సందు పేరు, ఆవిడ పేరు చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.

బయటికి వస్తే మావయ్య ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "ఏటన్నాడ్రా?"

"సోమారం రమ్మన్నాడు మావా."

"మరి మధ్యలో బయటికొచ్చి కాళ్లెందుకు తుడుసుకున్నాడు?"

"నేనే పొమ్మన్నాను."

మావయ్య నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. ఇరవై ఏళ్లలో ఆ దొర ఎవరి మాటా విన్నది లేదు. "ఓలమ్మో!" అని గోడకి ఆనుకుని కూలబడిపోయాడు.

కుర్చీలో కూర్చున్నాక తెలిసింది: ఆ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు అంకెలూ, "ఎస్ సార్"లూ మాత్రమే. అవి టెక్కలిలోనే వచ్చేశాయి. అయినా సముద్రం దాటి నేర్చిన విద్య వృథా పోకూడదు కదా! మొదటి నెలలోనే నాన్నకి రెండు పేజీల ఉత్తరం పూర్తిగా ఇంగ్లీషులో రాశాను. వాతావరణం గురించి, మిల్లు గురించి, పెద్దల ఆశీస్సుల గురించి, ఒక్క కొట్టివేత లేకుండా. మా ఊళ్లో దాన్ని చదవగలవాడు ఒక్కడుండేవాడు. వాడు రంగంలో కూర్చుని ఆ ఉత్తరం రాశాడు.

నెలన్నర తర్వాత నాన్న జవాబు వచ్చింది, ఎవరిచేతో రాయించింది. ఇంటిల్లిపాదీ క్షేమమట. నా ఉత్తరం అందిందట, ఊరంతా తిప్పి అందరికీ చూపించారట, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ప్రతి ఒక్కరూ మెచ్చుకున్నారట. చివర్లో, నాన్న చెబుతుంటే ఆ రాసినవాడెవడో మార్చకుండా అలాగే దించేశాడు కాబోలు, రెండు ముక్కలు: "శానా బాగా రాసినావు బాబూ. నీకు ఒంట్లో ఎలాగున్నాదో మాత్రం ఈ తడవ తెలుగులో రాయి."

ఆ సాయంత్రం మిల్లు గంట కొట్టాక కూర్చుని రాశాను. రెండు పేజీలు పట్టలేదు. "బాగున్నాను నాన్నా" అన్నది నాలుగోసారి రాస్తే గాని నాకు నచ్చలేదు. పంతొమ్మిదేళ్ల ఆ పండితుణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూనే, ఆ రెండు మాటలూ తప్పుల్లేకుండా రాశాడా లేదా అని ఇంకా చూసుకుంటూ ఉంటాను.