జంపఖానాలో నేసిన దారి

2024 వానాకాలం. కాశిబుగ్గలో పాత వీడియో గేమ్ బాక్సులు బాగుచేసే నా దుకాణానికి సమ్మయ్య తన బాక్స్ పట్టుకుని వచ్చాడు. జంపఖానాలు నేసే మనిషి. ఏళ్ల కిందట ఇదే బాక్స్ ఆగిపోతే, చాయ్ హోటల్లో నలుగురి ముందు "వానికి స్క్రూ తిప్పుడు గూడ రాదు" అని నన్ను కాదని వేరే మెకానిక్‌కు ఇచ్చాడు. అది బాగుకాలేదు. ఆ మాట నేను మరిచిపోలేదు.

"తమ్మీ, జర నువ్వే చూడాలె."

"ఆ మెకానిక్ ఏడి సమ్మన్నా?"

"దుకాణం బంద్ చేసిండు."

"వానికి స్క్రూ తిప్పుడు వచ్చిందా మరి?"

వెంట వచ్చిన ఆయన భార్య లలిత పక్కున నవ్వింది. "అడుగు మరిదీ, ఇంకా అడుగు!" ఆమె చంకలో చుట్టిన జంపఖానా ఉంది.

బాక్స్‌లో ఉబ్బిన కెపాసిటర్ మార్చాను. అసలు చిక్కు క్యాసెట్‌లో ఉంది. అది రోల్ ప్లేయింగ్ గేమ్. నెలల తరబడి ఒక వీరుణ్ని పెంచుకుంటూ ఆడాలి. ఆడినంత వరకూ 'సేవ్' అయి, లోపలి బిళ్ల బ్యాటరీ బలంతో నిలుస్తుంది. మీటర్ పెట్టాను. బ్యాటరీ కొనఊపిరితో ఉంది. మార్చడానికి పీకినా సేవ్ పోతుంది.

"ఇయ్యాల ఆన్ అయితే అయితది. ఆఫ్ చేస్తే మళ్ల మీ ఆట ఉంటదని చెప్పలేను."

"అయితే ఇక్కడనే ముగిస్తం," అన్నాడు సమ్మయ్య. చివరి కోట ఒక్కటే మిగిలిందట. ముగింపు చూడలేదన్న బాధ ఇద్దరికీ అలాగే ఉండిపోయింది.

ఆ కోట దగ్గరే నేనూ ఒకప్పుడు ఆ ఆట వదిలేశాను. మ్యాప్ ఇవ్వరు. నాలుగడుగులకో రాక్షసుడు. చస్తే మళ్లీ మొదటికి. సంగీతం, తలుపు తట్టిన ప్రతి ఇంట్లో పలకరించే మనుషులు ఎంత బాగున్నా, ఆ తప్పుకు క్షమాపణ లేదనుకునేవాణ్ని.

లలిత ఇచ్చిన జంపఖానాను నేనే నేలమీద పరిచాను. నీలం గోడలు, తెల్లని దారులు, ఎర్రని మెట్లు. కోట మొత్తం! అప్పట్లో ఆయన ఆడుతూ చెబుతుంటే ఆమె ఒక్కో గడీ నేసిందట. పై అంతస్తు దాకా నేసేసరికి బాక్స్ ఆగిపోయింది.

ఆయన ఆడుతుంటే నేను దారి చెప్పాను. కుడికన్నచోటల్లా గోడే తగిలింది. వీరుడు చావుకు దగ్గరయ్యాడు.

"ఈ ఆటే దొంగది," అన్నాను.

లలిత వంగి, అంచున తాను వేసిన గుర్తుముడి తడిమింది. "ఆగు! ఆట కాదు, నువ్వు తిరగేసి పరిచినవ్. జంపఖానా రెండు పక్కలా ఒక్కతీరే కనవడ్తది. ఎడమ కుడైతది."

తిరగేశాం. ఈసారి ప్రతి మలుపూ కలిసింది. సమ్మయ్య బతికి బయటపడి కోట గెలిచాడు.

ముగింపులో యుద్ధం లేదు, వీరుడికి కిరీటమూ లేదు. దారిలో సాయం పొందిన వాళ్లంతా ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. సమ్మయ్య వాళ్లను గుర్తుపట్టి చెబుతున్నాడు: "పడవాయన... బావికాడి ముసలమ్మ..." ఇన్నేళ్లు తిట్టిన ఆట ఇదేనా?

"ఇగ ఆఫ్ చెయ్యి మరిదీ," అంది లలిత. "పోతే పోనియ్. చూసినం."

ఆఫ్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే సేవ్ లేదు. ఇద్దరూ బాధపడలేదు, జంపఖానా చుట్టుకుని వెళ్లారు.

మ్యాప్ ఇవ్వకపోవడం ఆ ఆట లోపమని ఇప్పటికీ అంటాను. ఇచ్చి ఉంటే ఆ జంపఖానా పుట్టేది కాదని కూడా అంటాను. సమ్మయ్య తన మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు, అదీ గుర్తుంది. కానీ అప్పటి నుంచి ఏ పాత క్యాసెట్ వచ్చినా, స్క్రూ తిప్పకముందే అడుగుతున్నాను: "ఎక్కడి దాకా ఆడిండ్రు?"