మిద్దెక్కిన సిగరెట్టు వాసన

దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా పుట్టింటి సజ్జచేను సమాధుల గట్టునే ఉండేది. పెళ్లయ్యేదాకా ఆ చేనికి కావలి ఉన్నాను, పిట్టల్ని తప్ప దేన్నీ తోలలేదు. సంతకం చేసేంత చదువే నాది. నేను చెబుతుంటే ఎదురింటి టీచరమ్మ రాస్తోంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆయన ఒక ఆఫీసులో బంట్రోతు. అంతకు ముందు బీడీలు తాగేవాడు. ఆఫీసరు తాగడం చూసి సిగరెట్లకు ఎక్కాడు. గదిలో గోడకు తల ఆనించి తాగేవాడు. "బయటికి పోయి తాగొచ్చు గదా" అంటే, "ఈ ఎండలో ఎవరు తాగుతారే!" అనేవాడు. రాజధాని హైదరాబాదుకు వెళ్లిన మరుసటేడు ఆయన పోయాడు. వాసన మాత్రం ఉండిపోయింది.

ఏడాది తిరగగానే నా కూతురు తొలికాన్పుకు వచ్చింది. మగబిడ్డ. మాకున్నది ఆ ఒక్క గదే. బిడ్డ దగ్గడం మొదలుపెట్టాడు. నేను తెలివితక్కువగా సాంబ్రాణి వేశాను. వాసనకు పొగ తోడై దగ్గు ఇంకా ఎక్కువైంది.

అల్లుడు రాయచోటి నుంచి వచ్చాడు. గడపలోనే ముక్కు మూసుకున్నాడు.

"అత్తా, ఇది ఇల్లా, బీడీల కార్ఖానానా? బుధవారం వస్తా. అప్పటికీ వాసన ఉంటే ఇద్దర్నీ పిల్చుకపోతా."

బాలింతను అంతదూరం బస్సులో తీసుకెళ్తే ఏమవుతుంది? నాకు అన్నం సహించలేదు.

పరుపూ బొంతలూ ఎండలో వేశాను. కుంకుడురసం కలిపిన వేడినీళ్లతో దూలాలు, తలుపులు, గోడలు కొబ్బరిపీచు పెట్టి తోమాను. నీళ్లు కషాయం రంగులో దిగాయి. పటం అద్దం తుడిస్తే గుడ్డ పచ్చబడింది. తర్వాత సున్నం కొట్టడానికి కాశింసాబును పిలిచాను. మూడు పూతలు వేశాడు. ఆరిన ప్రతిసారీ మా ఆయన తల ఆనించిన చోట పసుపు మరక పైకి తేలింది.

మంగళవారం మధ్యాహ్నం కాశింసాబు నిచ్చెన మీదనే కూర్చుని తల గోక్కున్నాడు.

"సున్నం తప్పు కాదుమా. మీ ఆయప్ప ఈడ్నే ఉండాడేమో. పేరు పెట్టి పిల్చి ఒక మాట సెప్పు."

"మొగుని పేరు ఎట్ల సెప్పేది సాబూ? నోట్లో పుండు పడదా?"

"పడితే పడనీ. బిడ్డ దగ్గు పోతాది గదా."

ముప్పై ఏళ్ల కాపురంలో నేనా పేరు పలకలేదు. ఇప్పుడూ రాయించను. ఆ రోజు మాత్రం గోడకు ముఖం పెట్టి గట్టిగా పిలిచాను.

"ఈడ పసిబిడ్డ ఉండాడు. తాగేదుంటే మిద్దెమీదికి పోయి తాగు సామీ."

అప్పుడే అంటించినట్టు గదిలో గుప్పున సిగరెట్టు వాసన వచ్చింది. కాశింసాబుకూ తెలిసింది, బుర్రుసు కింద పెట్టేశాడు. ఆ వాసన అట్లే పైకి జరిగి, మిద్దెకు వెలుగు కోసం పెట్టిన గవాచిలోంచి పోయింది. అంతలో పక్కమిద్దె మీద మిరపకాయలు ఎండేస్తున్న నాగమ్మక్క గొంతు వినిపించింది.

"ఓమ్మే, మీ మిద్దెమీద సిగరెట్టు తాగుతాండేది ఎవరే? కాయలకంతా వాసన పడ్తాంది!"

"ఎవరన్నా కనపడతాండారా అక్కా?"

"నరమానవుడు ల్యాడు. వాసన మాత్రం శానా ఉండాది!"

మా మిద్దెకు ఉన్నది ఒకటే నిచ్చెన. అది గదిలో కాశింసాబు కాళ్ల కింద ఉంది.

నాలుగో పూత తెల్లగా ఆరింది. బుధవారం అల్లుడు గది నాలుగు మూలలూ వాసన చూసి, కొడుకును ఎత్తుకున్నాడు. ఉగ్గాని తిని ఒక్కడే బస్సెక్కాడు. కూతురు బిడ్డకు అయిదో నెల వచ్చేదాకా నా దగ్గరే ఉంది. బిడ్డ మళ్లీ దగ్గలేదు.

సున్నం నాలుగు పూతలకు మరక కప్పుకుపోయి ఉంటుందని టీచరమ్మ అంటుంది. కావచ్చు. మరి నాగమ్మక్క మిరపకాయలకు పట్టిన వాసన సంగతేమిటి? పేరు పెట్టి పిలిస్తే మాట వినే మనిషని తెలిసుంటే, పుండు పడినా సరే, బతికున్నప్పుడే పిలిచేదాన్ని.