నడక చూసి పోల్చే నీలవేణక్క

“అది జలగే అయితే? పాప నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు పట్టుకుంటే? ముక్కులోకి దూరిపోతే?”

ఈ ప్రశ్నలన్నీ నేను ఒక్క ఊపిరిలో అడిగాను. చేపల తొట్టి గాజుకు లోపలివైపు, గోరంత పొడవున్న గోధుమరంగు పురుగొకటి అంటుకుని ఉంది. నీలవేణక్క పాపకు అన్నం కలుపుతూ తల కూడా తిప్పలేదు.

“దానికింకేటీ పని నేదా, ముక్కులోకెల్డానికి? ముందల గుంటని తిననియ్యి.”

నీలవేణక్క పుట్టిన ఊరు అరకు రైలు దారిలో టైడా స్టేషన్‌కు పైన, కొండ మీద. చిన్నప్పుడు ప్యాసింజరు బండి ఆగగానే కిటికీల దగ్గరకు పరుగెత్తి సీతాఫలాలు అమ్మిందట. పెళ్లయ్యాక భర్త సోంబరుతో అరకు వచ్చి కాఫీ తోటల్లో పళ్లు కోసింది. ఆరేళ్ల కిందట జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పడానికి నేను అక్కడికి వెళ్లినప్పుడు, పిల్లను చూసుకునే మనిషి ఎవరైనా ఉన్నారా అంటే వీధంతా ఆమె పేరే చెప్పింది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. తనకు తెలియని సంగతి ఈ లోకంలో లేదని ఆమెకు గట్టి నమ్మకం.

చేపల తొట్టి మావారు ఉదయ్ విశాఖపట్నం నుంచి తెచ్చారు. అందులో గప్పీ చేపలు, రంగురంగుల ప్లాస్టిక్ మొక్కలు. తిండి దగ్గర రోజూ పేచీ పెట్టే మా చిట్టి, ఆ తొట్టి ముందు కూర్చోబెడితే మాత్రం నోరు తెరిచేది. అందుకని మాకది అలంకారం కాదు, అన్నం గిన్నెంత అవసరమైన సామాను.

నీలవేణక్క వచ్చిన వారంలోనే ఆ ప్లాస్టిక్ మొక్కలను వెక్కిరించింది. “సేపలకి పిలాస్టిక్కు గడ్డేటి, టీచరమ్మా? రేపు గుంటకి పిలాస్టిక్కు అన్నం ఎడతావేటి?” పుట్టింటికి వెళ్లినప్పుడు ఊరి గెడ్డలోంచి, అంటే కొండవాగులోంచి, నీటి మొక్కలు పీకి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. తొట్టి చిన్న అడవిలా పచ్చబడింది. చేపలు పిల్లలు పెట్టాయి. ఆ మొక్కలను పట్టుకుని టిక్కెట్టు లేకుండా దిగినవాళ్లు తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. ముందు ఆవగింజంత నత్తలు, తర్వాత నీళ్లలో గంతులేసే తెల్లచుక్కలు, చివరకు ఈ గోధుమరంగు పురుగు.

“మొక్కలన్నీ తీసి పారేసి, తొట్టి బ్లీచింగ్ పౌడరుతో కడిగేద్దాం అక్కా,” అన్నాను.

ఆమె అన్నం కలపడం ఆపి ఇటు తిరిగింది. “మా గెడ్డ నీళ్లలో పురుగుందని పారబోత్తావా? మేం తాగీ నీళ్లవి.”

ఆ మాట నాకు తగిలింది. ముందు అదేమిటో తేల్చుకుందామని, జలగే అని తేలితే మాత్రం పారబోయడమేనని ఒప్పందానికి వచ్చాం.

నేను నా చదువు ప్రకారం మొదలుపెట్టాను. పురుగును డ్రాపర్‌తో పీల్చి, స్పిరిట్‌లో వేసి, భూతద్దం తెచ్చుకుని, ఉదయ్ తమ్ముడి పాత జువాలజీ పుస్తకం పక్కన పెట్టుకున్నాను. స్పిరిట్‌లో పడగానే అది మాడిన జీలకర్ర గింజలా ముడుచుకుపోయింది. పుస్తకంలో ఒక్క బొమ్మా అలా లేదు. మొక్కల మాటున అలాంటివి ఇంకా ఉంటే, ఇంకొకదాన్ని వేశాను. అదీ జీలకర్రే అయింది.

“సంపేసి మొకం సూత్తావేటి?” అంది నీలవేణక్క. “మా ఊర్లో మొకం సూసి ఎవుల్నీ పోల్చం. నడక సూత్తాం.”

సంత రోజు సాయంత్రం వాళ్లవాళ్లు ఎదుటి కొండ దారి మీద చీమల్లా కనిపించేవారట. మొహాలు తెలిసేంత దగ్గర కాదు. ఒక భుజం వంచి నడిచేది చిన్నాన్న, ఆగి ఆగి వచ్చేది కల్లు తాగిన మామ. ఎవరెవరు వస్తున్నారో నడకను బట్టి చెప్పి, దాన్ని బట్టి రాగిపిండితో చోడి అంబలి కాచేవారు.

“సోంబరుదీ నడకే ముందు నచ్చింది నాకు. మొకం తరవాత సూసాను. ఏటి సేత్తాం, అప్పటికే మాటయిపోయింది!”

మర్నాడు ఆమె తెల్ల పింగాణీ ప్లేటులో నీళ్లు పోసి ఎండలో పెట్టింది. బతికున్న పురుగునొకదాన్ని అందులోకి దించింది. తర్వాత కొంగు చాటు నుంచి మడిచిన ఆకు తీసింది. పొలం గట్టు దగ్గర పట్టిన అసలు జలగ! నేను చిట్టిని ఎత్తుకుని కుర్చీ ఎక్కాను.

“దిగు టీచరమ్మా, గుంట నవ్వుతంది.”

జలగ ముందుమూతి ఆనించి, వెనకభాగాన్ని దగ్గరకు లాక్కుని, మళ్లీ చాచి, ప్లేటును జానలు కొలుస్తున్నట్టు నడిచింది. మా పురుగు ఎక్కడా వంగలేదు, లేవలేదు. నూనె బొట్టు జారినట్టు జారిపోయింది.

“ఇది జానలేసీ రకం కాదు. జలగ కాదు. మరేటో నువ్వు సెప్పు, సదూకున్నావు కదా!”

కుర్చీ దిగి భూతద్దం పెట్టాను. బాణం మొనలాంటి తల, దాని మీద మెల్లకన్ను పడినట్టు రెండు కళ్లు. “ప్లనేరియా!” అని అరిచాను. డిగ్రీలో జువాలజీ రికార్డు పుస్తకంలో నేనే గీసిన చదును పురుగు బొమ్మ! “ఇది నెత్తురు తాగదక్కా, మన జోలికి రాదు.”

“అదే కదా నేను సెప్పింది,” అంది, చెప్పని మాటను కూడా తన గెలుపులో కలిపేసుకుంటూ.

ఆ గెలుపు ఆమె తలకెక్కింది. కొన్నాళ్లకు ఆకుపచ్చగా, సన్నగా, చివర మూడు తోకలున్న జీవి కనిపిస్తే, “రొయ్య పిల్ల. నడక సూసి సెబుతన్నాను,” అని తేల్చేసింది. నాకది తూనీగ పిల్లేమోనని అనుమానం. చేప పిల్లలు తగ్గిపోతున్నాయి. ఒక ఉదయం చూస్తుండగానే అది ఒక పిల్లను పట్టుకుంది. తొట్టి మొత్తం ఖాళీ చేద్దామని బకెట్టు తెచ్చాను. నీలవేణక్క ఆ బకెట్టు లాక్కుని, అందులో చిట్టి బట్టలు నానబెట్టేసింది.

ఇక చేసేది లేక, ఆ జీవినొక్కదాన్నే పచ్చడి సీసాలోకి మార్చి, ఎక్కడానికి ఒక పుల్ల పెట్టాను. చిట్టి ఇప్పుడు సీసా ముందు కూర్చుని తినసాగింది. ఒక పొద్దున అది పుల్లెక్కి నీళ్ల పైకి వచ్చి, వీపు చీల్చుకుని, నలిగిన రెక్కలు మెల్లగా చాచింది. చిట్టి ముద్ద మింగడం మరిచిపోయింది. కాసేపటికి తూనీగ కిటికీలోంచి వెళ్లిపోయింది.

“నీ రొయ్య ఎగిరిపోయిందక్కా!”

“మా గెడ్డలో రొయ్యలకి రెక్కలుంటాయి. నీకేటి తెల్సు?” అని ఆమె పడీపడీ నవ్వింది. నవ్వు తగ్గాక తొట్టి వైపు చూసి అంది: “పారబొయ్యడం ఎప్పుడైనా పారబొయ్యొచ్చు టీచరమ్మా. పారబోసీసినాక సూడ్డం అవదు.”

చిట్టి ఇప్పుడు రెండో తరగతి. బడి నుంచి టిఫిన్ డబ్బాలో ఏవేవో కాళ్లున్నవీ, లేనివీ పట్టుకొస్తుంది. నాకు భయం ఏమీ తగ్గలేదు. డబ్బాను గుమ్మం బయటకు విసిరేయాలనే అనిపిస్తుంది. కానీ ముందు మూత తీసి, దాని పక్కన కూర్చుంటాను.