పోయినవాడి మీసం

పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియోల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అడగకుండా మనిషిని తెల్లగా చేసేస్తారు. గాజువాకలో నేను వెళ్లే స్టూడియో ఆయనైతే నా చెంప మీది పుట్టుమచ్చను కూడా మురికి అనుకుని తుడిచేశాడు. ఆ ఫొటోలో ఉన్నవాడికి మంచి సంబంధం వస్తుంది, సందేహం లేదు. నన్ను మాత్రం పనిచేసే చోట గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రోజూ ఫొటో వంకా నా వంకా చూసి, "మీ తమ్ముడా?" అని అడిగేవాడు.

ఈ గొడవ నాకెందుకంటే, మా పనిలో ఫొటోలు తరచూ కావాలి. బీకాం చదివాక నేను ఓడరేవు పక్కన బొగ్గు యార్డు నడిపే ఒక పెద్ద కంపెనీలో, కాంట్రాక్టు మీద, హాజరు పట్టీలు చూసే టైమాఫీసులో కూర్చునేవాణ్ణి. కంపెనీ పేరు చెప్పను. చెప్పకపోయినా మీరు రెండు మూడు పేర్లు అనుకుంటారు. అవేవీ కావు.

ఆ కంపెనీ మమ్మల్ని నేరుగా పెట్టుకోదు. కాంట్రాక్టరును పెట్టుకుంటుంది, ఆయన మమ్మల్ని పెట్టుకుంటాడు. ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టరు మారతాడు. మేం మారం, చొక్కాల రంగు మారుతుంది. పాత కాంట్రాక్టరు పొద్దున్న లడ్డూ పెట్టి సాగనంపుతాడు. కొత్తాయన మధ్యాహ్నం లడ్డూ పెట్టి స్వాగతం చెబుతాడు. రెండూ ఒకే షాపువి. ఆ రెండు లడ్డూల మధ్య మా సర్వీసు మొత్తం మాయమవుతుంది. మళ్లీ కొత్త ఫొటో, కొత్త గేటు పాసు, కొత్తగా చేరినవాళ్లకిచ్చే సేఫ్టీ ట్రైనింగు.

ఆ ట్రైనింగులో మాకొక పద్ధతి ఉండేది. ఏమీ తెలియనట్టు కూర్చోవాలి. సేఫ్టీ ఆఫీసరు కన్వేయరు బెల్టు బొమ్మ చూపించి "దీన్నేమంటారు?" అంటే, ఆ బెల్టు పక్కనే జుట్టు నెరిసినవాళ్లు కూడా నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. తెలుసంటే పాతవాడని అర్థం. పాతవాడైతే రేపు పర్మినెంటు చెయ్యమంటాడేమోనని కాంట్రాక్టరుకి అనుమానం. అలాంటివాడి పాసు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడన్నది ఎవరూ చెప్పరు.

మా బెల్టు ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. యార్డులో అందరికీ ఆయన బావ, ఆయనకీ అందరూ బావలే. అక్కచెల్లెళ్ల లెక్క ఎవరూ అడగలేదు. ఫిషింగ్ హార్బరు వైపు వేటకెళ్లే కుటుంబం, ఈయనొక్కడే ఒడ్డున పని చూసుకున్నాడు. మీసం రెండు వైపులా క్రేను కొక్కేల్లా పైకి లేచి ఉండేది. అది చూసే, అంతకుముందు కాంట్రాక్టరు హయాంలో, కంపెనీవాళ్లు తీసిన సేఫ్టీ సినిమాకి ఆయన్ని ఎంచుకున్నారు. నడుస్తున్న బెల్టులో చెయ్యి పెట్టి పడిపోయే నిర్లక్ష్యపు కార్మికుడి వేషం. కెమెరా ఆయన చాలన్నాక కూడా బావ వదల్లేదు. "ఇంకోపాలి పడతాను సార్, ఈపాలి హెల్మెట్టు దొర్లీలాగ" అని అడిగి మరీ పడ్డాడు. సినిమా ఆ దొర్లే హెల్మెట్టుతోనే ముగుస్తుంది.

ఆ తర్వాతేమైందో సినిమాలో లేదు గనక సేఫ్టీ ఆఫీసరు నోటితో చెప్పేవారు. మొదట్లో వేలు తెగిందన్నారు. జనం కునుకుతున్నారని కొన్నాళ్లకి చెయ్యే తీసేశారు. కొత్త కాంట్రాక్టరు వచ్చి మేం మళ్లీ కొత్తవాళ్లమయ్యే నాటికి మనిషే పోయాడు.

ఆ రోజు హాల్లో నేనూ బావా వెనక వరసలో కూర్చున్నాం. ముందు వరసలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దసారు ఉన్నారు. తెర మీద హెల్మెట్టు దొర్లింది.

"ఇతను మన యార్డు మనిషే. ఇప్పుడు లేడు. భార్య, ఇద్దరాడపిల్లలు," అన్నారు ఆఫీసరు గొంతు తగ్గించి.

"అయ్యో పాపం," అన్నాడు బావ.

"అది నువ్వే," అన్నాను మెల్లగా.

"తెల్సు బావా. ఆడపిల్లలని సెప్తన్నాడు గదా, ఇంటంటే కడుపు తరుక్కుపోతంది. నాకు మగపిల్లలు గాబట్టి సరిపోనాది."

పెద్దసారు మెత్తటి మనిషి. లేచి నిలబడి, పోయిన ఆ కార్మికుడి కోసం మౌనం పాటిద్దామన్నారు. అందరం లేచాం. బావ కూడా లేచాడు. చేతులు కట్టుకుని, తల వంచి, తనకు తానే మౌనం పాటించాడు. నోరు తెరిస్తే పాతవాడైపోతాడు మరి.

మౌనం అయ్యాక పాసుల వరస. సంతకాలు పెడుతున్న సేఫ్టీ ఆఫీసరు తలెత్తి మీసం చూశారు. కలం ఆగింది.

"నువ్వు... ఆ సినిమాలో..."

"నానే సార్. సచ్చిపోనోడిని."

ఆఫీసరు కిటికీ దగ్గర టీ తాగుతున్న పెద్దసారు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఆయన వారం పాటు యార్డంతా తిరుగుతారయ్యా. బెల్టు దగ్గర నీ ఫొటో పెట్టి దండ వెయ్యాలంటున్నారు. దాని పక్కనే నువ్వు నిలబడితే నేనేం చెప్పాలి?"

"బతికీసినాడని సెప్పండి సార్."

ఆ మాట ఆయనకి నచ్చలేదు. పాసు పక్కన పెట్టేశారు. బావ ముఖంలో అప్పటిదాకా ఉన్న సరదా పోయింది. పాసు లేకపోతే గేటు దాటనివ్వరు. నాలుగు రోజులు కనబడకపోతే ఆ చోట్లో ఇంకొకణ్ణి పెట్టేస్తారు. వాడు నిజంగానే కొత్తవాడై ఉంటాడు.

కొత్త కాంట్రాక్టరు మేనేజరు అక్కడే ఉన్నాడు. ఏ సమస్యనైనా మొదలంటా తీసెయ్యాలనే మనిషి. "మీసం తీసేసి రా. అది లేకపోతే నువ్వు సినిమాలోవాడివి కాదు. సాయంత్రం లోపల కొత్త ఫొటో తెస్తే పాసు ఇచ్చేస్తాం," అన్నాడు.

బావ చెయ్యి మీసం మీదికి వెళ్లింది. తర్వాత, "మా అయ్య ఉన్నాడు సార్," అన్నాడు.

"ఉంటే?"

"అయ్య పోతే గదా సార్ మీసం తీస్తారు. ఉండగా ఎలగ తీసీడం?"

"ఎప్పటికీ వద్దంటున్నామా? టెంపరరీయే కదా."

మా దగ్గర అన్నీ టెంపరరీయే గనక మీసాన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాం.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర సెలూన్‌కి వెళ్లాం. సెలూన్ ఆయన బావకి ఎప్పట్నించో తెలిసినవాడు. మీసం మాట వినగానే రేడియోలో పాటలు ఆపేశాడు.

"ఎప్పుడు పోనాడు బావా, పెద్దాయన?"

"పోనేదు."

"మరెవులు పోనారు?"

"నానే."

ఆయన కత్తి అందుకున్నాడు. స్టూడియోలో ఈసారి పని తగ్గింది. బావ ముఖం అప్పటికే తెల్లబోయి ఉంది. సాయంత్రానికి పాసు వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన పాసు చూసి, మనిషిని చూసి, "కొత్తా?" అన్నాడు. బావ తలూపాడు.

ఇక ఇంటికెళ్లాలి. బండి తీసి నా ముందు ఆపాడు. "అయ్య ముందలకి ఒక్కణ్ణీ ఎల్లనేను బావా. నువ్వు సదూకున్నోడివి. నువ్వు సెప్పు."

బండి వెనక కూర్చుని దారి పొడవునా ఉపన్యాసం తయారుచేసుకున్నాను. కాంట్రాక్టు పద్ధతి, కార్మికుల భద్రత, పెద్దసారు మెత్తదనం, మీసానికి మళ్లీ పెరిగే గుణం.

హార్బరులో ఐసు ఫ్యాక్టరీ గోడ నీడన బావ వాళ్ల అయ్య చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించుకుని బాగుచేస్తున్నాడు. పక్కన పేకాడుతున్నవాళ్లు ముందు బావని చూశారు. తర్వాత ముసలాయన్ని చూశారు. లెక్క కుదరక ముక్కలు కింద పెట్టేశారు.

"మావా, ఇది కంపెనీ పని మీద..." అని మొదలుపెట్టాను.

ముసలాయన నా వైపు చూడలేదు. కొడుకు మూతి వంక చూస్తూ, వేలికున్న వల మెల్లగా విప్పి పక్కన పెట్టాడు.

"నాను ఎప్పుడు సచ్చిపోనాన్రా? నాకెవులూ సెప్పనేదు."