బాణం లేని సున్న

మొన్న పప్పుల అల్మరాలో పాత కాగితాలు మారుస్తుంటే, అడుగున పరిచిన క్యాలెండరు కాగితం ఒకటి తిరగబడింది. దాని మీద సున్నలు, వాటి మధ్య బాణాలు. కాగితం పారేసే అలవాటు నాకు లేదు. ఇది మాత్రం ఇన్నేళ్లూ నా ఇంట్లోనే ఉందని తెలిసేసరికి చటుక్కున కింద పెట్టేశాను.

అప్పట్లో ఢిల్లీ ఆర్.కె. పురంలో మా అబ్బాయి క్వార్టర్సులో ఉండేవాళ్లం. మనవరాలు ఇంజనీరింగు చదివేది. కొత్త నోటుపుస్తకాలు తగలేస్తోందని కేకలేసి, పాత క్యాలెండర్ల వెనకే రాయించేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, ఒకనాడు చిక్కుళ్లు ఒలుస్తూ "ఏమిటే ఈ సున్నలు?" అని అడిగాను.

"ఫైనైట్ ఆటోమాటా, నానమ్మా. ఒక్కో సున్న ఒక్కో స్టేట్, అంటే ఒక్కో స్థితి. మిషను ఎప్పుడూ ఏదో ఒక సున్నలోనే ఉంటుంది. ఒక అక్షరం వస్తే బాణం పట్టుకుని ఇంకోదాంట్లోకి పోతుంది. బస్, అంతే."

"ఇంతకుముందు ఎక్కడుందో గుర్తుండదూ?"

"ఉండదు. ఇప్పుడు ఏ సున్నలో ఉందో అదొక్కటే."

"మీ తాతయ్యలాగన్నమాట," అన్నాను. నవ్వుదామనే అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆయనకు మతి తప్పి అప్పటికి ఏడాది. రోజంతా కుర్చీలో ఉండేవారు. తలుపు గంట మోగితే ఆఫీసులో ఉన్నట్టు చొక్కా గుండీలు పెట్టుకుని "ఫైలొచ్చిందా?" అనేవారు. ఆ తరవాత కుక్కరు కూత వేసిందా, అది రైలు. సంచీ పట్టుకుని గుమ్మం దాటేవారు. కుర్చీలో ఉండగా అదే కూత పదిసార్లు వేసినా చలించేవారు కాదు. ఒకసారి అలా వెళ్లి సాయంత్రానికి బస్టాపులో దొరికారు. ఈ ఢిల్లీలో రెండోసారి దొరుకుతారన్న నమ్మకమేముంది?

మనవరాలు ఆయనకు మూడు సున్నలు గీసింది: కుర్చీ, ఆఫీసు, స్టేషను. స్టేషను నుంచి కుర్చీకి బాణం నేనే కనిపెట్టాను. గుమ్మానికి అడ్డం నిలబడి "టికెట్టు ఏదండీ?" అనాలి. ఆయన ముందు ఎడమ జేబు తడిమేవారు, తరవాత కుడిది; ఒక దగ్గు, తొమ్మిది అడుగులు, కుర్చీ. ఏనాడూ ఒక్క అడుగు తేడా రాలేదు. గంట మోగిన పూట కుక్కరు పెట్టేదాన్ని కాదు. కానీ ఆ తొమ్మిది అడుగులు వింటుంటే, నాతో కాపురం చేసిన మనిషి వీటిలో ఎక్కడున్నాడా అని వెతుక్కునేదాన్ని.

"బాణం బయటికి రాని సున్న కూడా ఉంటుంది నానమ్మా. అందులో పడితే ఇంక అక్కడే," అంది మనవరాలు.

"అది ఈ కాగితం మీద గీశావంటే చెయ్యి విరగ్గొడతాను," అన్నాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆంధీ, ఇక్కడి దుమ్ముగాలి, లేచింది. దుమ్ముకు ఇల్లంతా చీకటి, కరెంటు లేదు. గంట మోగలేదు, కుక్కరు పొయ్యి మీద లేదు. నేను గుమ్మం గడియ పెట్టడానికి వెళ్తే వెనకనుంచి, అచ్చం నా విరుపుతో, ఆయన గొంతు: "టికెట్టు ఏదండీ?"

పెళ్లయిన నాటి నుంచి నన్ను "ఏమే" అని తప్ప పిలవని మనిషి. నా చెయ్యి కొంగుముడి తడిమింది. దగ్గొచ్చింది. తిరిగి నడిచి ఆయన కుర్చీలో కూర్చున్నాను. తొమ్మిది అడుగులు.

ఆయన కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నారు. ఇక గంటకూ, కూతకూ, నా మాటకూ కదలలేదు. చలికాలంలో పోయేదాకా అంతే. తరవాత చూస్తే కాగితం మీద నాలుగో సున్న ఉంది, వంకరగా. బాణాలు లోపలికే. తను గీయలేదని మనవరాలు ఒట్టేసింది. నమ్మాను; దాని సున్నలు వంకర పోవు.

ఆ కాగితాన్ని మొన్న మళ్లీ అల్మరాలోనే పరిచాను, బొమ్మ కిందికి పెట్టి. ఈమధ్య కుక్కరు కూత వేస్తే నా చెయ్యి దానంతటదే కొంగుముడి దగ్గరికి పోతోంది. ఎక్కడినుంచి వచ్చావని కాలం ఎవరినీ అడగదు. ఇప్పుడున్న సున్న చూసి ముందుకు తోసేస్తుంది.