కొరియాలో నేను పెట్టిన ఆస్క్ పార్క్ స్టాపు

కొరియాలో ఒక ఊరుంది. నేను ఇంతవరకూ అందులో అడుగు పెట్టలేదు. అక్కడివాళ్లెవరూ నన్ను ఏ సాయమూ అడగలేదు. అయినా సౌదీలో కుర్చీలో కూర్చుని, వాళ్ల కొత్త ట్రామ్ లైనులో ఎవరూ అడగని స్టాపొకటి పెట్టేశాను. పెట్టి ఊరుకున్నానా? దానికి పేరు కూడా పెట్టి, ఆ ఊరి జనమంతా చూస్తుండగా నా పరువు నేనే తీసుకున్నాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్లో డ్రాయింగులు గీయడం నేర్చుకుని, చివరికి సౌదీలోని హుఫూఫ్ ఊళ్లో ఒక కొరియా కంపెనీ సైటులో ఇనుప కడ్డీలు కట్టే పనిలో తేలాను. నా రూంలో ఉండే రఫీక్ భాయ్‌ది కడప. ఆయన అదే కంపెనీ ఆఫీసులో కాగితాల పని చూసేవాడు. నాకు డ్రాయింగు వచ్చని తెలిశాక మేనేజరు చోయ్ గారి వెంట వారం రోజులు పడ్డాడు. చోయ్ గారు విసిగిపోయి, "సరే, మూడు నెలలు చూస్తాను. పనికిరాకపోతే మళ్లీ సైటుకే" అన్నారు. అలా నిప్పులు చెరిగే ఎండలోంచి ఏసీ గదిలోకి వచ్చి పడ్డాను. మొదటి రోజు ఆ చల్లదనానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో వారానికి పొగరెక్కింది.

సరిగ్గా అప్పుడే ట్రామ్ పని వచ్చింది. కంపెనీవాళ్లు తమ దేశంలోనే ఒక కొండల ఊరికి ట్రామ్ లైను ప్లాన్ చేస్తున్నారు. అక్కడ పని ఎక్కువై కొన్ని డ్రాయింగులు మా ఆఫీసుకు పంపారు. అక్కడి ఇంజినీర్లు ఎర్ర సిరాతో ఇంగ్లీషులో సవరణలు రాస్తే, వాటిని చూసి నేను కంప్యూటర్లో దిద్దాలి. నా ఉద్యోగం అంతవరకే.

ఒక షీటులో, రెండు స్టాపుల మధ్య కొండ మలుపు దగ్గర, ఎర్రగా ఇలా రాసి ఉంది: "స్టాప్. ఆస్క్ పార్క్."

నేను క్షణం కూడా ఆలోచించలేదు. స్టాపు కావాలన్నారు, పేరు ఆస్క్ పార్క్ అన్నారు. ఇంకేం కావాలి? గీయడం మొదలుపెట్టాను. రఫీక్ భాయ్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏందప్పా ఇది? ఆస్క్ అంటే అడుగు అని గదా?"

"అది ఇంగ్లీషుల భాయ్. ఇది కొరియా పేరు. గాళ్ల పేర్లు గట్లనే ఉంటయి."

"సార్‌ను ఒక మాట అడగరాదా?"

"గింత దానికి సార్ ఎందుకు? నాకు పని రాదనుకోడా?"

చూశారా? అడగమని కాగితం చెప్పింది, కడప చెప్పింది. నేను మాత్రం వినలేదు. పార్కు అన్నాక చెట్లుండాలి కదా అని, స్టాపు చుట్టూ చెట్లు కూడా నాటాను. మా ఆఫీసు కంప్యూటర్లో ఉన్న చెట్టు బొమ్మ ఒక్కటే, ఖర్జూరం. హుఫూఫ్‌లో ఇంకేం ఉంటుంది? మంచు కురిసే కొండ మీద నలభై ఖర్జూరపు చెట్లు వరసగా నిలబెట్టి, నాలుగు బెంచీలు వేసి, చోయ్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఆ రోజు వేరే పని తొందరలో ఉన్నారు. సంతకం చేసేశారు.

వారం తర్వాత ఆ ఊళ్లో జనంతో సమావేశం జరిగింది. చోయ్ గారు మమ్మల్నీ వీడియోలో చూడమని పిలిచారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాను. తెర మీద హాలు నిండా జనం. కళ్లద్దాల ఆవిడ ఒకరు షీట్లు చూపిస్తూ వివరిస్తున్నారు. నా షీటు రాగానే ఆవిడ మాట ఆగిపోయింది. తర్వాత హాలంతా గొల్లున నవ్వింది.

చోయ్ గారు నా వైపు తిరిగారు.

"గంగాధర్, ఆస్క్ పార్క్ అంటే ఏమిటి?"

"స్టాపు పేరు సార్."

"ఆ మాట్లాడుతున్న ఆవిడ ఎవరో తెలుసా?"

"తెల్వదు సార్."

"ఆవిడే పార్క్."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆ చోట గీత ఆపి, స్థలం సంగతి పార్క్ గారిని అడగమని రాస్తే, నేను ఆవిడ పేరున స్టాపు కట్టించాను. ఆవిడ స్టాపుకు తన పేరు తానే పెట్టుకుందని జనం నవ్వుతున్నారు. తెర మీద పెద్ద అధికారి ఒకాయన ఏదో గట్టిగా అడిగాడు. చోయ్ గారు లేచి, నడుము వంచి, కొరియా భాషలో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. నా పక్కన రఫీక్ భాయ్ నా చెయ్యి పట్టుకుని, "భయపడొద్దప్పా. నిన్ను తెచ్చింది నేనే అని సార్‌తో నేను చెప్తా" అని గొణిగాడు. నాకు మాత్రం కళ్ల ముందు మళ్లీ సైటులోని కడ్డీలే కనిపిస్తున్నాయి.

అంతలో హాల్లో ఒక ముసలావిడ కర్ర పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడ మాట్లాడుతుంటే నవ్వులు ఆగిపోయాయి. చోయ్ గారు మాకు మెల్లగా చెప్పారు: "ఆ మలుపు దగ్గరే ఆస్పత్రి ఉందట. కింది స్టాపులో దిగి కొండ ఎక్కాలంటే మోకాళ్లు సహకరించవట. పేరేదైనా పెట్టుకోండి గానీ, ఆ స్టాపు మాత్రం తియ్యొద్దంటోంది."

ఆవిడ వెనక ఇంకో పదిమంది లేచారు.

నెల తర్వాత పార్క్ గారి నుంచి నాకే మెయిలు వచ్చింది. స్థలం చిక్కువల్ల అక్కడ స్టాపు పెట్టొద్దని మొదట అనుకున్నారట. జనం పట్టుబట్టాక మళ్లీ వెతికితే, కాస్త కింద ఊరి సొంత స్థలమే దొరికింది. ఆస్పత్రి పేరుతో స్టాపు ఖాయమైంది. చివర్లో రాశారు: "ఆ రోజు చోయ్ గారు, చూడకుండా సంతకం పెట్టిన తప్పు తనదేనని అందరి ముందూ చెప్పారు. మీ పేరు ఎత్తలేదు."

ఆ మెయిలు పట్టుకుని చోయ్ గారి గదికి పరిగెత్తాను. చేతులు జోడించాను. ఆయన కొత్త షీటొకటి నా చేతిలో పెట్టి, "వెళ్లి పని చూడు" అన్నారు. ఆ ముక్కతోనే తెలిసింది, నేను సైటుకు పోవడం లేదని. షీటు మూలన ఎర్రటి గుర్తొకటి కనిపించింది. ఈసారి నేను తెలివైనవాణ్ణి కదా, అక్కడే నిలబడ్డాను.

"సార్, ఈ ఎర్ర గుర్తు గురించి ఎవరిని అడగాలె?"

చోయ్ గారు షీటు దగ్గరికి తీసుకుని, వాసన చూసి, నిట్టూర్చారు.

"మా ఆవిడను అడుగు. అది కిమ్చీ పచ్చడి మరక."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం ఎర్రగా ఏది కనిపించినా అడగకుండా గీత గీయను. సిరా అయినా సరే, పచ్చడి అయినా సరే.