నేనే అంటే ఎవరు?

మా గది బయట గోడకున్న స్మార్ట్ మీటరు నిన్న సాయంత్రం టక్‌మంది. బయటినుంచి ఎవరో మెల్లగా గొళ్లెం పెట్టినట్టు చిన్న చప్పుడు. ఫ్యాను నెమ్మదించి ఆగింది. వీధిలో మిగతా ఇళ్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎక్కడో కూర్చున్న మనిషి ఒక్క ఇంటిని ఎంచుకుని ఆపితే ఇలాగే ఉంటుంది. పరీక్ష కోసం ఆపుతామని మా ఆఫీసువాళ్లు నాకు ముందే చెప్పారు. అయినా చదువుతున్న పుస్తకం మూసి, గోడవైపు చూస్తూ "ఎవరు?" అన్నాను. ఆ ప్రశ్న అడగడం నాకు నేర్పిన మనిషి ఇప్పుడు లేరు.

నసీమా మేడం హన్మకొండలో మా కరెంటాఫీసుకు అధికారి. ఇళ్ల మీటర్లలోకి బయటివాళ్లు చొరబడకుండా చూడటం ఆమె పని. ఆమె దగ్గర ఆ పని నేర్చుకోవడానికి చేరాను నేను. మొదటిరోజు ఆమె గది తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేనే మేడం."

"నేనే అంటే ఎవరమ్మా? లోపల కూసున్నది గూడ నేనే గదా!"

పేరు చెప్పాను. వినపడలేదన్నారు. మళ్లీ చెప్పించారు. నా పేరు అంత గట్టిగా నేనెప్పుడూ పలికి ఉండను. అప్పుడు నవ్వి, కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. మన దగ్గర ఏ తలుపు తట్టినా అందరూ చెప్పే పేరు ఒకటేననీ, గొంతు పోల్చుకుని మనం తలుపు తీస్తామనీ అన్నారు. "మీటరుకు గొంతులు ఎరుక లెవ్వు స్రవంతీ. ఆఫీసు నుంచి నేనే అంటె నమ్ముతది. నమ్మి ఇల్లంత చీకటి జేస్తది." అదీ నవ్వుతూనే అన్నారు.

ఆ మాట నిజంగా అర్థమైంది వీరమ్మ ఇంట్లో. ఎనుమాముల వైపు చిన్న ఇల్లు. ఆమె భర్త మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని ఊపిరి తీసుకునేవాడు. కొద్ది రోజులుగా పట్టపగలు వాళ్ల ఒక్క ఇంటికే కరెంటు పోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. ఫిర్యాదు చూసి మేడం నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. మీటరు డబ్బాకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది.

"ఇంట్ల ఏదో తిరుగుతాంది మేడం," అంది వీరమ్మ గొంతు తగ్గించి. "ముందుగాల మీటర్ల టక్‌మంటది. గంతే, ఆయనకు గాలి ఆగుతది. మనిషి నల్లగైపోతాండు."

మేడం నవ్వలేదు. ఆ దండను ముట్టుకోలేదు కూడా. సిబ్బందికి ట్యాబులోంచి మీటరు ఆపి, మళ్లీ కరెంటు ఇవ్వడం మేడం మొట్టమొదట చేసి చూపించింది ఆ ఇంటి దగ్గరేనట. దవాఖానకు ఫోన్ చేసి ఒక సిలిండరు తెప్పించి మంచం పక్కన పెట్టించారు. "మిషన్ ఆగితె ముందు ఇది పెట్టు. తర్వాతనే తిరిగేదాని సంగతి జూద్దాం. ఫికర్ జెయ్యకు."

ఆఫీసుకు తిరిగొచ్చి ఆ మీటరుకు ఎవరెవరు ఆదేశాలిచ్చారో తెర మీదికి తీశాను. ప్రతి వరుసలోనూ ఒకటే పేరు. నసీమా. తల తిప్పి చూశాను. పక్కనే కూర్చున్న మేడం రెండు చేతులతో చాయ్ గ్లాసు పట్టుకుని ఉన్నారు. నేను చూస్తుండగానే కింద ఇంకో వరుస పుట్టింది. ఆపినవారు: నసీమా. ఆమె చేతులు గ్లాసు మీదే ఉన్నాయి.

ఆ క్షణంలో వీరమ్మ ఇంట్లో టక్‌మని ఉంటుంది.

"నేను కాదని నువ్వెట్ల జెప్తవు?" అన్నారు మేడం తెర మీంచి చూపు తిప్పకుండా.

"మీరు నా ముందరనే ఉన్నరు గదా మేడం."

"మీటరుకు నేను కనవడుతున్ననా? ముందు ఆ ఇంటికి కరెంటియ్యి. ఇచ్చి నా పేరుతోటి ఎవ్వలు లోపలికి పోకుండ మూసెయ్. జల్ది!"

కరెంటు ఇచ్చాను. ఆమె పేరు మూశాను. ఫోన్ కూడా నన్నే చేయమన్నారు. "ఎవరు?" అంది వీరమ్మ రొప్పుతూ. "నేనే" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "స్రవంతిని, కరెంటాఫీసు నుంచి. పెద్దాయన ఎట్లున్నడు?" అన్నాను. సిలిండరు పెట్టానంది. ఫోన్లో ఆయన దగ్గు వినిపించింది. ఒక మనిషి దగ్గు విని నేను సంతోషించడం అదొక్కసారే.

ఆ ఆదేశాలు వచ్చిన ట్యాబు మర్నాడు నర్సంపేటలో ఒక మొబైల్ రిపేరు షాపులో దొరికింది. తెర పాడైందని మా సిబ్బందే ఇచ్చారు. శిక్షణ రోజున మేడం అందులో తన పేరుతో లోపలికి వెళ్లి, "మీ పేరే ఉండనియ్యిండ్రి మేడం, మల్ల మల్ల ఎందుకు" అని వాళ్లంటే అలాగే వదిలేశారు. షాపాయన తెల్లముఖం వేశాడు. "టచ్ పనిజేస్తాందా లేదా అని జూస్తాన మేడం. ఎర్రది ఒత్తితె ఏదో ఆగిందంటది, పచ్చది ఒత్తితె అచ్చిందంటది. మంచిగనే పనిజేస్తాందనుకున్న." జాబితాలో మొదటి ఇల్లు వీరమ్మది. తన వేలికింద ఒక మనిషి ఊపిరి ఉందని ఆయనకు తెలియదు. ఏ పగా లేని ఆ వేలిని తలచుకుంటే నాకిప్పటికీ భయం.

ఆ వరుసలు చెరిపేద్దామని పైవాళ్లు సలహా ఇచ్చారట. మేడం ఒప్పుకోలేదు. తప్పు తన పేరు మీదే వేసుకుని నివేదిక రాసి, వీరమ్మ దగ్గరికి వెళ్లి కూడా చెప్పారు. "ఇంట్ల తిరిగింది నేనే వీరమ్మా," అన్నారట. మనిషి సీటులోంచి లేస్తే పేరు మూయాలి, ఉద్యోగంలోంచి పోతే ఆ రోజే మూయాలి అని నియమం పెట్టారు.

మొన్న చలికాలంలో జబ్బుచేసి మేడం పోయారు. అంత్యక్రియల నుంచి తిన్నగా ఆఫీసుకు వచ్చాను. ట్యాబు సంగతి తేలాక మళ్లీ తెరిచిన ఆమె పేరు ఇంకా తెరిచే ఉంది, ఏ మీటరునైనా ఆపగలిగేలా. రెండోసారి నేనే మూశాను. నిజంగా మూయమంటారా అని తెర అడిగితే, ఆమె పేరు ఒకసారి గట్టిగా పలికి అవునని నొక్కాను.

నిన్న కరెంటు తిరిగొచ్చాక మా తలుపు ఎవరో తట్టారు. ఎవరని అడిగాను.

"నేనే," అంది ఒక ఆడగొంతు.

పక్కింటామె గొంతే, పోల్చుకున్నాను. అయినా గడియ మీద చెయ్యి వేసి, పేరు చెప్పేదాకా నిలబడే ఉన్నాను.